పెళ్ళికొడుకు వస్తున్నాడు

“మైకులో ‘పెళ్ళికొడుకు వస్తున్నాడు’ అని నేను అనగానే తలలు కప్పుకోవాలి. మీలో ఒక్కతి మర్చిపోయినా ఈ ఊళ్లో మనల్ని మళ్ళీ పిలిచేవాళ్లుండరు,” అంది ఊబా.

“ఎన్నిసార్లు చెప్తావు పిన్నీ, చెవులు చిల్లులు పడ్డాయి,” అంది ఫొటోలు తీసే ఇదిల్. లైట్ల పిల్లా, గోరింటాకు పిల్లా కిసుక్కున నవ్వారు.

సోమాలీల పెళ్ళంటే ఆడవాళ్ల హాలు వేరు. తలుపు దగ్గరే ఫోన్లు లాగేసుకుంటారు. లోపల ముసుగులు తీసి పక్కన పడేసి, చెమటలు కారేలా ఆడతారు. అక్కడ మగ డీజే పనికిరాడు. స్వీడన్‌లోని మాల్మోలో ఆ సంగతి ముందుగా పసిగట్టింది ఊబా. మొగుడు పోయాక, ఆసుపత్రిలో నేలలు తుడుస్తూనే ఈ పని నేర్చుకుంది. ఆడది పాటలు వేసి బతకడమేమిటని అయినవాళ్లు, సొంత ఇంట్లోవాళ్లతో సహా, మొహం చాటేశారు. ఆమె మానలేదు. తనతోపాటు ముగ్గురు ఆడపిల్లలకు దారి చూపించింది. గోథెన్‌బర్గ్ లాంటి పెద్ద ఊళ్లో మాత్రం వాళ్లకు ఇదే మొదటి పెళ్ళి.

పెళ్ళికూతురి తల్లి షుక్రి డీజే బల్ల దగ్గరికొచ్చింది. “ఇదిగో చెల్లీ, పెళ్ళికొడుకు తల్లిని పొగిడే పాట పెట్టకు. పాపం, ఆ అబ్బాయికి తల్లి లేదు. చిన్నప్పుడే పోయిందట.”

“సరే అక్కా,” అంది ఊబా. ఆ పాట తీసేసి తర్వాతది పెట్టింది. ఏమీ అనిపించలేదు. వేళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

ఇదిల్ సమోసాల్లాంటి సంబూసాలు తెచ్చింది. “తిను పిన్నీ. పెళ్ళివాళ్లు పట్టుబట్టి మనల్నే పిలిస్తే, ఆ మొహమేంటి?”

ఊబా ఒకటి కొరికింది. రుచి తెలియలేదు.

తలుపు దగ్గర కోలాహలం మొదలైంది. ఊబా పాట తగ్గించి మైకు అందుకుంది.

“పెళ్ళికొడుకు వస్తున్నాడు!”

హాలంతా గబగబా ముసుగులు వేసుకుంది. పెళ్ళికొడుకు గూలేద్ నవ్వుతూ లోపలికొచ్చాడు. డీజే బల్ల వైపు చూసి ఆగిపోయాడు.

ఊబా తల కప్పుకోలేదు.

షుక్రి గుడ్లురిమింది. ఇదిల్ పరుగెత్తుకొచ్చి తలగుడ్డ చేతిలో పెట్టింది. “పిన్నీ, కొంప ముంచుతావా! పరాయి మగాడి ముందు ఏంటిది?”

ఊబా ఆ గుడ్డను మడతపెట్టి బల్ల మీద ఉంచింది.

“నేను కన్న కొడుకు ముందు నాకు ముసుగెందుకే?”