తాడు మీద కాలు

"మా ఆయనకి తప్పు ఒప్పుకోవడం కంటే పన్ను పీకించుకోవడం సుఖం," అంది ఐవీ ఫోన్లో. "పన్నుకైనా మత్తు సూది ఉంటుంది. మొన్న చక్కెర అనుకుని టీలో ఉప్పు వేసుకున్నాడు. ఇలా తాగడమే ఆరోగ్యం అంటూ కప్పు అడుగు కనపడేదాకా తాగాడు."

అవతల థార్న్‌షా లైబ్రరీ అమ్మాయి హేజెల్ నవ్వింది. "రేపు ఫలకం సభకి ఆయన్నీ తీసుకురండి. ఎర్నీ ఒల్లర్టన్ కుస్తీ కళ్ళారా చూసినవాళ్ళు ఇంకెంతమంది మిగిలారు గనక?"

"మా ఆయన నాకంటే దగ్గర్నుంచి చూశాడులే. ఏం లాభం?"

"కాలు గాల్లో ఉంది," అన్నాడు క్లిఫర్డ్ పేపరు వెనకనుంచి.

నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఇదే గొడవ. అప్పట్లో చలికాలం వస్తే థార్న్‌షా ఈతకొలను మీద చెక్కలు పరిచి, చుట్టూ తాళ్ళు కట్టి కుస్తీలు పెట్టేవారు. మిడిల్‌వెయిట్ ఛాంపియన్ ఎర్నీ ఆ రోజు నల్లముసుగువాడితో తలపడ్డాడు. చెరొక పట్టు నెగ్గారు. మూడో పట్టులో ముసుగువాడు ఎర్నీ భుజాలు నేలకదిమాడు. రిఫరీ మోకాళ్ళ మీద కూలబడి, చేత్తో నేల చరుస్తూ మూడు లెక్కపెట్టాడు. పట్టం పోయింది. మరుసటి వారం టీవీ వాళ్ళొచ్చి ముసుగువాడిని తీసుకెళ్ళారు. ఎర్నీ వెళ్ళి చేపల వేపుడు దుకాణం పెట్టుకున్నాడు.

కానీ రిఫరీ 'మూడు' అనేసరికే ఎర్నీ కాలు తాడు మీద పడిందని ఐవీ అంటుంది. కాలు తాడుకి తగిలితే లెక్క ఆపెయ్యాలి. తాడుకి జానెడు దూరంలో గాల్లో ఉందని క్లిఫర్డ్ అంటాడు.

మర్నాడు ఐవీ మంచం మీద తెల్లచొక్కా, నల్ల బో టై తీసిపెట్టింది.

"బో టై దేనికి? ఎవరి పెళ్ళి?"

"పెద్దమనిషిలా కనపడతావని."

క్లిఫర్డ్ ఎడమ చెవి పైన గోక్కున్నాడు. చిరాకేస్తే అంతే.

రెండు బస్సులు మారి థార్న్‌షా చేరారు. ఈతకొలను గోడకి ఎర్నీ పేరుతో ఇత్తడి ఫలకం బిగించి ఉంది. క్లిఫర్డ్ కళ్ళద్దాలు జేబులోనే ఉంచుకుని, ముక్కు ఆనించి మరీ చదివాడు.

"కింద ఒక వరస ఖాళీగా ఉందేం?" అంది ఐవీ.

"అదే బాధ," అంది హేజెల్. "అక్కడ 'ఓటమి ఎరుగని ఛాంపియన్' అని వెయ్యాలి. ఎర్నీ గారు అడిగింది అదొక్కటే. రికార్డుల్లో ఓటమి ఉంది, ఆ రిఫరీ వచ్చి చెబితే తప్ప వెయ్యం అంటున్నారు కౌన్సిల్ వాళ్ళు. పోస్టర్ల మీద రిఫరీ పేరు వెయ్యరుగా! ఎంత వెతికినా దొరకలేదు."

"ఆ రోజు నేనేం ఊరుకోలేదు," అంది ఐవీ. "ముందు వరసలో కూర్చుని స్వెటర్ అల్లుతున్నాను. అల్లిక అవతల పారేసి, తాళ్ళ దాకా వెళ్ళి, రిఫరీ చెవి పక్కన చేతిసంచీతో ఒక్కటిచ్చాను. అందులో ఉల్లిపాయల ఊరగాయ సీసా ఉంది."

"అయ్యో! ఏమయ్యాడు తర్వాత?"

"ఏమవుతాడు? ఏ పిచ్చిదో కట్టుకుని, ఇప్పటికీ చొక్కాలు ఉతికి పెడుతూ ఉంటుంది."

క్లిఫర్డ్ చేతిలో బిస్కట్టు విరిగి, హేజెల్ ఇచ్చిన టీలో పడింది. "ఆ రిఫరీది గద్ద చూపు," అన్నాడు, బిస్కట్టు కోసం చెంచాతో కప్పు పక్కన వెతుకుతూ.

అంతలో ఎర్నీ కర్ర ఊతంతో వచ్చాడు. చెవులు నలిగిపోయి ఉన్నాయి, నవ్వు మాత్రం నిక్షేపంగా ఉంది. క్లిఫర్డ్ దగ్గర ఆగాడు.

"మిమ్మల్ని ఎక్కడో చూశానే?"

"ముప్పై ఏళ్ళు బ్రెడ్డు వ్యాను తోలాను. అందరూ అలాగే అంటారు."

"ఆ రిఫరీ మీద కోపం లేదా మీకు?" అని అడిగింది హేజెల్.

"కోపమెందుకు తల్లీ? అతనికి కనపడలేదు, అంతే. కాకపోతే ఆ రోజు మా ఆవిడ జ్వరంతో ఇంట్లోనే ఉండిపోయింది. పోయేదాకా అడుగుతూనే ఉంది, 'ఎర్నీ, నిజం చెప్పు, తాడు మీదేనా?' అని. ఒకసారి అవునన్నాక మళ్ళీ అడిగిందంటే, నమ్మలేదనేగా!"

క్లిఫర్డ్ టీ కప్పు కింద పెట్టేశాడు.

సభ మొదలైంది. కౌన్సిలర్ గొంతు సవరించుకుని, ఎవరైనా రెండు మాటలు చెబుతారా అన్నాడు. ఐవీ లేచింది.

"కాలు తాడు మీదే ఉంది. ఈ కళ్ళతో చూశాను."

"మంచిదమ్మా. కానీ ప్రేక్షకుల మాట రికార్డుకి పనికిరాదు."

ఐవీ కూర్చుని సంచీలోంచి అల్లిక తీసింది. మొగుడి వైపు చూడనైనా చూడలేదు. "కళ్ళద్దాలు పెట్టుకో, క్లిఫ్," అంది మెల్లిగా.

పెట్టుకున్నాడు. ముందు వరసలో ఎర్నీ తలవంచుకుని కర్ర పిడి నిమురుకుంటున్నాడు. క్లిఫర్డ్ కాసేపు అటే చూశాడు. ఎడమ చెవి పైన గోక్కున్నాడు. బో టై సర్దుకుని, మోకాళ్ళు పటపటమంటుంటే లేచి నిలబడ్డాడు.

"కాలు తాడు మీదే ఉంది," అన్నాడు.

ఐవీ సూదులు ఆగిపోయాయి.

కౌన్సిలర్ నిట్టూర్చాడు. "చెప్పాను కదండీ, ప్రేక్షకుల మాట..."

"ప్రేక్షకుణ్ణి కాదండీ, తప్పు లెక్క పెట్టింది నేనే."