ఏకాగ్రత పరీక్ష

ఆదోని బళ్లో ఎగ్జిబిషన్. పదో తరగతి భాగీరథి బల్ల మీద పుస్తకం తెరిచి, చుట్టూ కాలింగ్ బెల్లు, ఆరుతూ వెలిగే బల్బు, ట్రాన్సిస్టర్ అమర్చింది. పొద్దుటి నుంచి ఒక్కరు కూడా తల ఎత్తకుండా పేజీ చదవలేకపోయారు.

తెలుగు సారు భీమసేనరావు కుర్చీ లాక్కున్నారు.

"ఇదేం ప్రయోగం పాపా, తిరునాళ్ల మాదిరి! నేను తల ఎత్తకుండా పేజీ ముగిస్తే ఇదంతా ఎత్తేయాల. సరేనా?"

"సరే సార్."

బెల్లు మోగింది. బల్బు ఆరి వెలిగింది. ట్రాన్సిస్టర్‌లో పాట మొదలైంది. సారు వంచిన తల ఎత్తలేదు.

పాట సగంలో భాగీరథి ఆశ వదులుకుంది. ట్రాన్సిస్టర్ కట్టేసి, వైర్లు పీకసాగింది.

మొదటి వాక్యం మీద వేలు తీయకుండానే సారు తల ఎత్తారు.

"ఏం పాపా, ఆపేస్తివి? ఇంగొక చరణముంది గదా!"