ఎండనపడి వచ్చినవాడు

రాజోలు నుంచి రామచంద్రపురం దాకా ఎవరినైనా అడగండి. త్రిమూర్తులు చేతిలోంచి కత్తి లాక్కున్న మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. అలాంటి త్రిమూర్తులు ఏడేళ్ల జైలు ముగించుకుని, మిట్టమధ్యాహ్నం చొక్కా వెనక కత్తి దోపుకుని, మామిడికుదురు పక్కన కొబ్బరితోటలో వెంకన్న ఎదుట నిలబడ్డాడు.

పంపినవాడు మాణిక్యాలరావు. దొంగ ఇసుక పడవలన్నీ ఆయనవే. ఓ పడవ మీద ఆయన చేసిన ఖూనీని కళ్లారా చూసినవాడు వెంకన్న ఒక్కడే. రేపు కోర్టులో నోరు విప్పుతాడు.

“ఈ ఒక్క పనీ చేసిపెట్టు, ఇంక నిన్ను పిలవను. చెయ్యలేదనుకో, ఆ గొయ్యేదో నీకే తవ్వుతారు” అన్నాడు మాణిక్యాలరావు.

తోటలో మరో మనిషి లేడు. ఎండుమట్టలు ఏరుతున్న వెంకన్న తలెత్తి చూశాడు.

“రండి బావగారూ. ఎప్పుడు వదిలేరు?”

“నిన్ననండి.”

“బాగా చిక్కిపోయేరు. అక్కడ తిండి బాగోదా?”

“ఏదో, పెడతారండి.” త్రిమూర్తులు చెయ్యి మెల్లగా వెనక్కి పోయింది.

“ముందు దాహం పుచ్చుకోండి. ఎండనపడి వచ్చిన మనిషిని ఉత్తినే పంపితే మా ఆడాళ్లు నన్ను బతకనిస్తారా?” వెంకన్న పక్కన దింపి ఉన్న గెలలోంచి ఓ బొండం తుంచి ఎడంచేత పట్టుకున్నాడు. కుడిచెయ్యి చాపాడు. “నా కత్తి మొద్దుబారి చచ్చిందండి. మీదోసారి ఇలా ఇవ్వండి.”

“ఆయ్” అన్నాడు త్రిమూర్తులు.

జైల్లో ఎవరేది అడిగినా ఆయ్ అని తీసిచ్చి అలవాటైపోయిన చెయ్యి అది. పైగా మర్యాద తెలిసినవాడు, పిడి అటు తిప్పి మరీ ఇచ్చాడు. చూశారా, ఎవరూ లాక్కోలేదు. నా మాట నిలబడింది.

రెండు మూడు వేట్లకు బొండం మూతి లేచిపోయింది. వెంకన్న బొండం అందించాడు. కత్తి అందించలేదు. ఆ తేడా త్రిమూర్తులుకు తట్టేలోగా బొండం పెదాలకు తగిలింది. నీళ్లు పంచదారలా ఉన్నాయి. బొండం ఎత్తి తాగాలంటే రెండు చేతులూ కావాలి, మెడ బాగా వెనక్కి వంచాలి.

“మాణిక్యాలరావు గారికి ఏవన్నా చెప్పమంటారా బావగారూ?” అని వెంకన్న నెమ్మదిగా అడిగాడు.

తోటలో జరిగిందంతా తర్వాత వెంకన్న కోర్టులో ఒప్పుకున్నదే. అందులో నేను కల్పించింది ఒక్కటి, నీళ్లు పంచదారలా ఉన్నాయన్నది. ఎలా ఉన్నాయో చెప్పడానికి త్రిమూర్తులు లేడు.