లైవ్‌లో ఉన్న మనిషి

దొంగతనానికి ఈ రోజుల్లో గోడకు కన్నం వేయక్కర్లేదు, చేతిలో ఫోనుంటే చాలన్నది పిల్లి సిద్ధాంతం. పిల్లి అంటే దొంగ. చప్పుడు చేయడని ఆ పేరొచ్చింది.

వెనకటి దొంగలు, పాపం, ఇంట్లో ఎవరైనా ఉన్నారో లేదో తెలుసుకోవడానికి వీధుల్లో పడిగాపులు కాసేవారు. ఇప్పుడు తాళం వేసి వెళ్తున్నామని ఇంటివాళ్లే చాటింపు వేసుకుంటున్నారు.

ఈసారి పిల్లి ఎంచుకున్నది జిమ్నాస్ట్ ఇల్లు. అతనికి ఆన్‌లైన్‌లో ముప్పై లక్షల మంది అభిమానులు. తలకిందులుగా నిలబడి కాఫీ తాగుతాడు, చొక్కా లేకుండా మొక్కలకు నీళ్లు పోస్తాడు. అతనికి పతకాలెన్నో ఎవరికీ తెలియదు గానీ, పొట్ట మీద పలకలెన్నో అందరికీ తెలుసు. ఒంటరి మనిషి. పోటీల కోసం సముద్రం దాటి వెళ్తున్నానని వారంగా ఊదరగొడుతున్నాడు.

పిల్లి రెండుసార్లు జైలు చూసొచ్చాడు. మూడోసారి దొరికితే కూతుర్ని తీసుకుని పుట్టింటికి పోతానని భార్య తెగేసి చెప్పింది. కూతురంటే పిల్లికి ప్రాణం. అందుకే జిమ్నాస్ట్ లైవ్ పెట్టే వేళ చూసుకుని, మిట్టమధ్యాహ్నం, ఏసీ రిపేరు వాడి వేషంలో వెనక తలుపు తీశాడు. బామ్మర్ది వ్యాన్‌లో కూర్చుని లైవ్ చూస్తూ ఫోన్లో చెబుతున్నాడు.

"బావా, మొదలెట్టాడు. వెనకాల అన్నీ జెండాలే."

"అక్కణ్ణుంచి కదిలితే చెప్పు."

"కదిలి ఎక్కడికొస్తాడు బావా? విమానమెక్కినా రేపటికి గానీ రాలేడు."

హాలు నిండా అభిమానులు పంపిన వాచీలు, గొలుసులు. పిల్లి తీరిగ్గా సంచిలో వేసుకుంటున్నాడు. ఫోన్లోంచి జిమ్నాస్ట్ మాటలు ఒక్కొక్కటీ రెండేసి సార్లు వినిపిస్తున్నాయి. నెట్ సరిగా లేదనుకున్నాడు.

"దేశం కోసం ప్రాణమైనా ఇస్తానంటున్నాడు బావా. నాకు ఏడుపొస్తోంది."

"ఇంటికెళ్లి ఏడుద్దువుగానీ, వ్యాన్ వెనక తలుపు తీసి ఉంచు."

"పోటీకి వేళైందట. లైవ్ ఆపేశాడు."

సరిగ్గా అప్పుడే పడకగది తలుపు తెరుచుకుంది. గుమ్మంలో జట్టు దుస్తులేసుకున్న మనిషి. చేతులకు తెల్లపొడి. ఫోన్లో చూసిన ముఖమే.

పిల్లి పైప్రాణాలు పైనే పోయాయి. పక్కింట్లో మనుషులున్నారు. ఒక్క కేక వేస్తే చాలు. కళ్లముందు కూతురి ముఖం కదిలింది. సంచి కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు.

"సార్, అన్నీ ఇక్కడే పెట్టేస్తాను. నాకో కూతురుంది. అరవకండి సార్."

ఆ మనిషి గబగబా వెళ్లి కిటికీ మూశాడు. తలుపు గడియ పెట్టాడు. తిరిగొచ్చి, సంచి తీసి పిల్లి చేతిలోనే పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు.

"నీకు దండం పెడతానన్నా, ఇంకేం కావాలన్నా పట్టుకెళ్లు. నన్ను జట్టులోంచి తీసేశారనీ, నేను ఇల్లు కదల్లేదనీ మాత్రం ఎవరికీ చెప్పకు."