ముందు వేలిముద్ర

కర్నూలు కోర్టు వరండాలో నల్లకోటు కనబడితే చాలు, బీబమ్మ ఎదురెళ్తోంది.

"నా వకీలు నువ్వేనా సారూ?"

"కాదమ్మా."

ఇది ఏడో కోటు.

ఉచితంగా వకీలును ఇస్తామన్నారు. ఆయనే వచ్చి కలుస్తాడన్నారు. అర్జీ పెట్టుకుని నాలుగు నెలలైంది. ప్రతి వాయిదాకూ కోడుమూరు నుంచి బస్సెక్కి రావడం, ఎవరూ పలకరించక ఉసూరుమంటూ తిరిగిపోవడం. ఈ రోజు కూడా వకీలు లేకపోతే ఇల్లు మరిది అక్బర్ పాలవుతుంది. ఆమెకు ఒళ్లు మండిపోతోంది.

"బీబమ్మ ఎవరమ్మా?"

చెమటకు తడిసిన చొక్కాతో ఒక బక్కపలచని మనిషి. కోటు లేదు. చేతిలో కాగితం, సిరా డబ్బీ.

ఇతన్ని ఆమె ఇందాకే చూసింది. అప్పుడు అక్బర్ వకీలు భుజం మీద చెయ్యేసి టీ తాగుతున్నాడు.

"నేనే. ఏం కావాల?"

"నీ కోసమే తిరుగుతాండా. ముందు దీని మీద వేలిముద్ర వెయ్యమ్మా. పిలుపు వచ్చేస్తాది, తర్వాత అంతా చెప్తా."

బీబమ్మ చప్పున చెయ్యి వెనక్కి లాక్కుంది.

మొగుడు లాల్ అహమ్మద్ పోయిన నలభయ్యో రోజు, ఫాతెహా చదివించి అందరూ లేచాక, అక్బర్ అన్నదీ ఇదే మాట. "ముందు వేలిముద్ర వెయ్యి వదినా, తర్వాత చెప్తా." ఆ ముద్రే ఇప్పుడు ఇల్లు అమ్మిన పత్రమై కోర్టుకెక్కింది.

"ఇంకోసారి మోసపోతాననుకున్నావా? పోయి మా మరిదికే చెప్పుకో పో!"

"అయ్యో, అది కాదమ్మా, నా మాట..."

బీబమ్మ వినలేదు. జనంలో దూరి క్యాంటీను వెనక నక్కింది. అతను వరండా ఆ కొసకూ ఈ కొసకూ రెండుసార్లు తిరిగాడు. 'తిరుగు, బాగా తిరుగు' అనుకుంది కసిగా.

అతను కనుమరుగయ్యాక హాలు దగ్గరికి వచ్చింది. అక్బర్ నవ్వుకుంటూ మెట్లు దిగుతున్నాడు.

"మూడుసార్లు పిలిచినా. యాడ పోయినావమ్మా?" అన్నాడు కోర్టు బంట్రోతు అయ్యన్న. "నీ తరఫున ఎవరూ లేరని తీర్పు వాళ్లకే ఇచ్చేసినారు."

బీబమ్మకు దుఃఖమూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"ఉచితం వకీలంటే ఇట్లనే! నాలుగు నెలలప్పా! ఆ మహానుభావుడు మొగమన్నా చూపియ్యలేదు."

అయ్యన్న ఆమెను వింతగా చూశాడు.

"నీ తరఫున వకీలు నోరు తెరవాలంటే వకాలత్ కాగితం మీద నీ వేలిముద్ర ఉండాలమ్మా, దానికే గదా ఓబులేసు సారు ఆ కాగితం పట్టుకోని ఇందాక నీ వెంట పడింది!"