ఊరిన గోగు

“మావా, గట్టెక్కు!”

ఈశ్వరి గట్టు మీద నుంచి అరిచింది. నడుములోతు నీళ్ళలో నిలబడిన జగన్నాధం తల ఎత్తలేదు. ఊరిన గోగు కట్ట ఒకటి విప్పి, మొదళ్ళు నలగ్గొట్టి, పుల్ల నుంచి నారను ఒక్క లాగుతో ఒలిచాడు.

“నీకే సెప్తన్నాను. ఫోను మళ్ళీ మోగింది. పిడుగులు పడతాయంట. నీళ్ళలో ఉండొద్దంట.”

“మొన్నా మోగింది. మొన్న ఏటి పడింది? ఎండ పడింది.”

గంగులు కిసుక్కున నవ్వాడు. అతనూ, అతని భార్య ధనలక్ష్మీ మొదటి కేకకే చెరువులోంచి బయటికొచ్చి గట్టు మీది తాటిచెట్టు కింద చేరారు.

ఈశ్వరి వాళ్ళ వైపు తిరిగింది. “మీరిద్దరూ ఆ సెట్టు కింద ఏటి సేస్తన్నారు? పిడుగుని పిలస్తన్నారా? సచివాలయానికి ఎల్లండి, స్లాబు కిందకి!”

వాళ్ళు నవ్వు ఆపి పరుగందుకున్నారు. పడమటి కొండ అప్పటికే కనబడటం లేదు.

“నాను రాను,” అన్నాడు జగన్నాధం. “కొండ మీద కురిస్తే కిందకి పారే గెడ్డ పొంగుతాది. గెడ్డ పొంగితే సెరువులో కట్ట ఒక్కటి మిగలదు. ఇన్నాళ్ళ కష్టం సముద్రానికి ఇచ్చీమంటావా?”

“ఇచ్చీ.”

అంత తేలిగ్గా అనేసిందేమిటని అతనికి ఒళ్ళు మండింది. విత్తు పడ్డనాటి నుంచి ఈ గోగు అతని చేతుల మీదే పెరిగింది. కోసింది అతను. కట్టలు కట్టింది అతను. నీళ్ళలో ముంచి, తేలకుండా పైన బరువులు పెట్టిందీ అతనే. సాయంత్రానికి నారంతా గట్టు మీద ఆరేస్తానని పొద్దున్న అందరి ముందూ అన్నాడు. ఇప్పుడు ఒక పిల్ల భయపడిందని సగంలో లేచిపోవడమా?

నిజానికి అతనికీ భయంగానే ఉంది. ఆ సంగతి ఆమె కనిపెట్టేసిందేమోనన్న అనుమానమే అతణ్ణి బురదలో మరింత గట్టిగా పాతేసింది.

మెరిసింది. వెనకే ఉరిమింది.

“పడితే నా నెత్తి మీద పడతాది. నీకేటి?”

ఈశ్వరి ఫోను గట్టున వదిలేసి, కుచ్చెళ్ళు ఎగదోపి నీళ్ళలోకి దిగింది. అతని పక్కకొచ్చి ఓ కట్ట విప్పడం మొదలుపెట్టింది.

“ఏటే ఇది? నువ్వెందుకు దిగావు?”

“నార పోకూడదన్నావు గదా. ఇద్దరం ఒలిస్తే బేగి అవుతాది.”

“ఎల్లు పైకి!”

“నువ్వెల్తే ఎల్తాను.”

“బెదిరిస్తన్నావా?”

“అవును.”

మళ్ళీ మెరిసింది. చెరువంతా ఒక్క క్షణం తెల్లబడింది. ఆ వెలుగులో ఆమె కళ్ళు గట్టిగా మూసుకోవడం అతను చూశాడు. అయినా పుల్ల వదలడం లేదు. తన దగ్గరున్న మొండితనం ఒక్క ప్రాణానికే సరిపోతుందని, రెండోదానికి చాలదని అతనికి అప్పుడు తెలిసొచ్చింది. చేతిలోని నారను విసిరికొట్టి, ఆమె రెక్క పట్టుకుని గట్టుకు లాగాడు.

ఆమె ఫోను అందుకుంది. సచివాలయం దాకా అతను తిడుతూనే నడిచాడు. లోపల గోడకు దూరంగా గొంతుక్కూర్చుని కూడా తిట్టాడు. బయట ఆకాశం చాలాసేపు గర్జించింది. వాన కుండపోతగా కురిసింది. చుట్టుపక్కల ఎక్కడా పిడుగు మాత్రం పడలేదు.

ఉరుములు పూర్తిగా ఆగాకే ఈశ్వరి అందర్నీ కదలనిచ్చింది. వెళ్ళి చూస్తే గట్టు తెగి ఉంది. ఎర్రటి గెడ్డనీరు చెరువులోంచి తన దారిన తాను పోతోంది. కట్టలు లేవు. పొద్దుట ఒలిచిన నార కూడా లేదు.

“ఏదీ? ఎక్కడ పడింది నీ పిడుగు?” అన్నాడు జగన్నాధం.

“పడలేదు.”

“నార పోయింది.”

“పోయింది.”

“రేపు మళ్ళీ ఆ మాయదారి ఫోను మోగితే?”

“మళ్ళీ లేపుతాను. లేవకపోతే మళ్ళీ దిగుతాను.”

జగన్నాధం ఆమె కళ్ళలోకి చూడలేక తల దించుకున్నాడు.

కొట్టుకుపోయిన పంటంతా ఈశ్వరిది, అతను కూలికొచ్చినవాడు.