మొదటి సంతకం

“నా పేరు జెర మల్ల సూడు సారు,” అని బతిమాలాడు, ఫ్యాక్టరీకి తన చెలక భూమి ఇచ్చిన బాగయ్య.

భూములిచ్చినవాళ్ల పేర్లు సంతకాల వరుసలో ఉన్న ఉద్యోగాల జాబితాకు ప్రోగ్రాం రాసింది నరసరాజే. ఆ ప్రోగ్రాం ఉన్న చిల్లుల కార్డులు కంప్యూటర్‌కు మళ్లీ పెట్టాడు. పేరుంటే అది ఎన్నో స్థానంలో ఉందో అచ్చవుతుంది, లేకపోతే సున్నా.

సున్నాయే వచ్చింది. “లేదయ్యా.”

“ఎట్లుండదు? భూమి ఇస్తనని అందరికన్న ముందుగాల సంతకం పెట్టింది నేనే!”

నరసరాజు ప్రోగ్రాం కాగితాలు తిరగేశాడు. తన ప్రోగ్రాంలో స్థానాల లెక్క సున్నా నుంచే మొదలవుతుంది. జాబితాలో మొట్టమొదటి పేరు దొరికినా సున్నాయే వస్తుంది. ఆ సంగతి తనకు తట్టనే లేదు.

“తప్పు నాదే బాగయ్యా. కానీ ఉద్యోగాలన్నీ నిన్ననే నిండిపోయాయి.”

బాగయ్య తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

“భూమి కొలిచిననాడు మాత్రం నా చెలక కాన్నుంచే మొదలువెట్టిండ్రు గద సారు!”